ముందు అడుగుల చప్పుడు వినండి: పాత అమెరికా రేడియో కౌబాయ్ నాటకాలు ఇంట్లో ఎలా వినాలంటే

మాది ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం, ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. నాన్నకి ఇంగ్లీషు పెద్దగా రాదు, అయినా పోయిన వానాకాలం నుంచి మేమిద్దరం రాత్రి భోజనాలయ్యాక అమెరికా వాళ్ల పాత రేడియో వెస్టర్న్ నాటకాలు వింటున్నాం. చుట్టాల్లో ఒకరిద్దరు ఎక్కడ దొరుకుతాయి, దేంతో మొదలెట్టాలి అని అడుగుతున్నారు, అందుకే వివరంగా రాస్తున్నా.

అన్నిటికన్నా ముందు, పాజ్ కొట్టకండి. మొదటిరోజు నేను గన్‌స్మోక్ అనే నాటకం పెట్టి ప్రతి డైలాగుకీ ఆపి తెలుగులో చెప్పడం మొదలెట్టా, పది నిమిషాలకే నాన్న విసుక్కుని "ఒరే, కాసేపు ఊరుకో, ముందు విననీ" అన్నారు. సరే అని వదిలేశా. కాసేపటికి ఆయనే "ఎవడో చెక్కల మీద నడుస్తన్నాడు, కాలికి ఏటో గలగలమంటంది... ఇదిగో ఇప్పుడు మట్టిలోకి దిగాడు" అన్నారు. అప్పటిదాకా నేనది గమనించనే లేదు! ఆ గలగల స్పర్‌ది, గుర్రాన్ని అదిలించడానికి బూటు మడమకి కట్టుకునే ఇనప చక్రం అన్నమాట, చెక్కలేమో షాపుల ముందు నడవడానికి వేసినవి. చిన్నప్పటి నుంచి విశాఖపట్నం రేడియో స్టేషన్ నాటకాలు విన్న చెవి కదా, మాటకన్నా ముందు అడుగు పట్టేసింది. అందుకే మా పద్ధతి ఇలా కుదిరింది: మొదటిసారి లైటు తీసేసి అరగంటా ఆపకుండా వినడం, అయ్యాక ఎవరికేం అర్థమైందో చెప్పుకోవడం, మర్నాడు అదే ఎపిసోడ్ ఆపి ఆపి కథ చెప్పుకుంటూ వినడం. రెండోసారి వింటుంటే మాటలు వాటంతటవే తేటపడతాయి.

దొరకడం కష్టమేం కాదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లోకి వెళ్లి నాటకం పేరు, పక్కన ఓల్డ్ టైమ్ రేడియో అని ఇంగ్లీషులో కొడితే ఎంపీత్రీలు వరసగా వస్తాయి. మా వైపు కొండ ఊళ్లలో సిగ్నల్ ఎలా ఉంటదో తెలిసిందే, కాబట్టి నెట్ మీద ప్లే చేయొద్దు, బజారుకి వచ్చినప్పుడే ఓ పది దించుకోండి. 64 కేబీపీఎస్ ఫైలైతే అరగంటకి సుమారు 14 ఎంబీ. ఒకే ఎపిసోడ్ రెండు మూడు చోట్ల ఉంటే అన్నీ ఓ నిమిషం విని బాగున్నది ఉంచుకోండి, కొన్నిట్లో గరగర మరీ ఎక్కువ. ఫోన్ స్పీకర్లో వినకండి, దూరంగా కుక్క మొరిగేది, గాలి, ఇవన్నీ అందులో పోతాయి. ఒక మాదిరి బ్లూటూత్ స్పీకరైనా చాలు.

ఇక దేంతో మొదలెట్టాలి అంటే, ఇంగ్లీషు భయం ఉన్నవాళ్లు ద సిక్స్ షూటర్‌తో. 1953-54లో ఎన్‌బీసీ రేడియోలో వచ్చింది, మొత్తం 39 ఎపిసోడ్లే, హీరో సినిమా నటుడు జేమ్స్ స్టువర్ట్. ఆయన సాగదీసి, ఆగి ఆగి, పక్కన కూర్చుని చెప్తున్నట్టు మాట్లాడతాడు, మనకి అందుకోడానికి టైముంటది. కథలు కూడా మరీ కాల్పులు కాదు, ఊళ్లు తిరిగే ఒక మంచి మనిషికి తగిలే మనుషుల కథలు.

అది పదో పదిహేనో విన్నాక గన్‌స్మోక్‌కి రండి. నా దృష్టిలో దీన్ని మించింది లేదు. సీబీఎస్ రేడియోలో 1952 ఏప్రిల్‌లో మొదలై 1961 జూన్ దాకా నడిచింది, కథ జరిగేది కాన్సస్‌లోని డాడ్జ్ సిటీలో, మార్షల్ (పోలీసు అధికారి లాంటివాడు) మాట్ డిల్లన్‌గా విలియం కాన్రాడ్. నార్మన్ మెక్‌డొనెల్, జాన్ మెస్టన్ అనే ఇద్దరూ దీన్ని పెద్దవాళ్ల కోసమే తయారుచేశారు, అంతకుముందు కౌబాయ్ నాటకాలు ఎక్కువగా పిల్లలకే. అందుకే ఇందులో మార్షల్ గెలిచినా సంతోషంగా ఉండడు, అలిసిపోయినట్టు ఉంటాడు, ఆ అలసట గొంతులోనే తెలుస్తుంది. 1955లో టీవీకి వెళ్తే అక్కడ ఆ వేషం జేమ్స్ ఆర్నెస్‌కి ఇచ్చారు, నాకైతే మాట్ డిల్లన్ అంటే కాన్రాడ్ గొంతే. రే కెంపర్, టామ్ హాన్లీ, బిల్ జేమ్స్ అని సౌండ్ చేసినవాళ్ల పేర్లు కూడా గుర్తుపెట్టుకోండి, నాన్న చెక్కకీ మట్టికీ తేడా పట్టారంటే అది అలాంటి వాళ్ల చలవే. ఎవరూ మాట్లాడని చోట ఫోన్ ఆగిపోయిందేమో అని చూడకండి, అది కావాలని వదిలిన మౌనం. కొన్ని ఎపిసోడ్లు బాగా క్రూరంగా ఉంటాయి, ద క్యాబిన్ లాంటివి పిల్లలు పడుకున్నాకే పెట్టండి.

తర్వాత మీ ఇష్టం. ఫ్రాంటియర్ జెంటిల్‌మన్, 1958, లండన్ పేపర్ విలేకరి అమెరికా పడమర తిరగడం. ఫోర్ట్ లారామీ, 1956, సైనిక స్థావరం, రేమండ్ బర్ హీరో. హావ్ గన్ విల్ ట్రావెల్ అయితే ముందు టీవీలో వచ్చి తర్వాత 1958లో రేడియోకి వచ్చింది. పిల్లలకి లోన్ రేంజర్, 1933లో డెట్రాయిట్ డబ్ల్యూఎక్స్‌వైజెడ్ స్టేషన్లో మొదలైంది, మొదట్లో వచ్చే రొస్సినీ అనే ఇటలీ ఆయన సంగీతానికే పిల్లలు లేచి గెంతుతారు.

మాటల్లో తికమక పడేవి కొన్ని చెప్తా. సెలూన్ అంటే మనకి కటింగ్ షాపు, అక్కడ మందు తాగే బారు. స్టేజ్ వచ్చింది అంటే మనుషుల్నీ టపానీ తెచ్చే గుర్రబ్బండి వచ్చిందని. మార్షల్ ప్రభుత్వం నియమించినవాడు, షెరీఫ్ అక్కడి జనం ఓట్లేసి ఎన్నుకున్నవాడు. పాసీ అంటే దొంగల వెంట పడ్డానికి పోగైన ఊరి జనం. ఇవి తెలిస్తే సగం కథ తెలిసినట్టే.

రెండు జాగ్రత్తలు. గన్‌స్మోక్ మధ్యలో సిగరెట్ యాడ్లు వస్తాయి, పిల్లలుంటే జరిపేయండి. రెండోది నాకు నిజంగా బాధ కలిగించేది. అక్కడి ఆదివాసుల్ని చాలా నాటకాల్లో తెలివితక్కువ వాళ్లుగా, క్రూరులుగా చూపించారు, లోన్ రేంజర్‌లో హీరోకి తోడుండే ఆదివాసి టోంటో చేత వచ్చీరాని ఇంగ్లీషు మాట్లాడించారు, ఆ గొంతు కూడా జాన్ టాడ్ అనే తెల్లాయనది. మా వీధి పిల్లలతో సవర పిల్లలు, అంటే మా వైపు ఆదివాసుల పిల్లలు కూడా వచ్చి కూర్చుంటారు, వాళ్ల ముందు అది పెట్టి ఏమీ అనకుండా ఎలా ఊరుకుంటాం? నేనైతే ఆపి, ఆ భూమి ముందు ఎవరిదో, ఎలా పోయిందో చెప్తా, తర్వాతే ముందుకి. గన్‌స్మోక్, ఫోర్ట్ లారామీ ఈ విషయంలో కొంత నయం.

చివరగా పిల్లలు ఎలాగూ అడుగుతారు, గుర్రం ఎలా వచ్చిందని. రేడియోల్లో ఎక్కువగా కొబ్బరి చిప్పలే వాడేవారు. కాయని అడ్డంగా సమానంగా పగలగొట్టి, కొబ్బరి తీసేసి, చిప్ప పైన పీచు గీకి రెండ్రోజులు ఎండబెట్టండి. పళ్లెంలో వంశధార ఇసకా చిన్న గులకరాళ్లూ కలిపి పోసి చిప్పలు బోర్లించి కొట్టాలి. నడకకి టక్, టక్, టక్, టక్ అని నాలుగూ సమానంగా, పరుగుకి టకటక్ టక్, కొంచెం ఆగి మళ్లీ టకటక్ టక్. మాది మొదట స్టీలు పళ్లెం, గుర్రానికి బదులు వంటింటి చప్పుడు వచ్చింది, నాన్న లేచి కింద పాత గోనెసంచి మడత పెట్టారు. పిల్లలు కళ్లు మూసుకున్నారు, ఆయన చిప్పలు అందుకుని మెల్లగా, గుర్రం దూరం నుంచి గుమ్మం దాకా వచ్చేలా కొట్టారు.