గూగుల్ యాడ్‌లో పోటీ షాపు పేరు వాడొచ్చా?

ఆత్రేయపురం నుంచి పూతరేకులు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకి ఈ డౌట్ వస్తూనే ఉంటుంది. పోటీ షాపు పేరుని కీవర్డ్‌గా, అంటే జనం ఏ మాట వెతికితే మీ యాడ్ కనపడాలో ఆ మాటగా పెట్టుకుంటే గూగుల్ ఆపదు. కానీ హెడ్‌లైన్‌లో ఆ పేరు రాశారంటే, ట్రేడ్‌మార్క్ ఉన్నవాళ్లు ఫిర్యాదు పెట్టగానే యాడ్ ఆగిపోవచ్చు. వాళ్ల సరుకే తెచ్చి అమ్ముతుంటే రాయొచ్చు గానీ, క్లిక్ చేస్తే తెరుచుకునే పేజీలో ఆ సరుకు కనపడాలి, కొనుక్కునే వీలుండాలి.

గూగుల్ ఊరుకుంది కదా అని కోర్టు ఊరుకోదు. కీవర్డ్‌గా వాడినా అది ట్రేడ్‌మార్క్‌ని వాడినట్టేనని 2023లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది, కొనేవాళ్లు తికమకపడే పరిస్థితి లేకపోతే అంతమాత్రాన ఉల్లంఘన కాదని కూడా అంది. అందుకని హెడ్‌లైన్‌లో మీ షాపు పేరు, పక్కన ‘బెల్లం నెయ్యి పూతరేకులు’ చాలు. ‘అసలు బ్రాంచి మాదే’ లాంటి అతితెలివి వద్దు. డైనమిక్ కీవర్డ్ ఇన్సర్షన్ (కీవర్డ్‌ని దానంతటదే యాడ్‌లో చేర్చే సెట్టింగ్) పెట్టుకుని ఉంటే ముందు అది తీసేయండి, లేకపోతే మీరు రాయకుండానే వాళ్ల పేరు మీ హెడ్‌లైన్‌లోకి వచ్చి కూర్చుంటుంది.

‘ఆత్రేయపురం పూతరేకులు’ సంగతి వేరే. 2023లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చిన పేరది, ఏ ఒక్క షాపు సొత్తూ కాదు. హైదరాబాద్‌లో చుట్టించిన రేకులకి మాత్రం తగిలించకండి.