ఫ్రెంచి ప్రేమకవితని, పాటని ఇంగ్లీషులోకి తేవాలంటే

మీరు రాసే ఇంగ్లీషుని జనం చదువుతారా, పాడతారా? మొదటి మాట రాయకముందే ఇది తేల్చుకోవాలి. చదివే కవితలో అర్థానికి పెద్దపీట వేసి ప్రాసని వదులుకోవచ్చు. పాటలో బాణీ కదలదు. ప్రతి స్వరానికీ ఓ అక్షరం దొరకాలి కాబట్టి అర్థమే సర్దుకోవాలి. ఒక్క అనువాదంతో రెండు పనులూ చేయిద్దామనుకుంటే చదవడానికి చప్పగా, పాడడానికి ఇబ్బందిగా ఉండే పాఠం మిగులుతుంది.

ముందు మూలాన్ని పైకి చదువుతూ అక్షరాలు లెక్కపెట్టండి. అక్షరమంటే ఇక్కడ రాసే గుర్తు కాదు, ఒక్క ఊపున పలికే ముక్క, ఇంగ్లీషులో సిలబుల్. ఫ్రెంచి ఛందస్సులో లఘుగురువుల పట్టింపు లేదు, సంఖ్యే ప్రధానం. వాళ్ల ప్రసిద్ధ పాదం అలెగ్జాండ్రిన్‌కి 12 అక్షరాలు, ఆరో అక్షరం తర్వాత విరామం. మన పద్యంలో యతి అంటే అక్షరమైత్రి. ఇక్కడిది నిజంగా ఊపిరి ఆగే చోటు.

లెక్క తప్పేది మాట చివరి 'ఎ' దగ్గర. మామూలు మాటల్లో అది వినపడదు. పద్యంలో మాత్రం హల్లు ముందు వస్తే లెక్కకొస్తుంది, అచ్చు ముందు కలిసిపోతుంది, పాదం చివర లెక్కలోకి రాదు. ఓ పాదం కల్పించి చూద్దాం: 'జె తతాఁ షాకె స్వార్ ఓ బోర్ దె ల రివియేర్'. రోజూ సాయంత్రం ఏటి ఒడ్డున నీ కోసం ఎదురుచూస్తానని అర్థం. మాటల్లో 'షాక్ స్వార్' అంటారు కాబట్టి 11 వినిపిస్తాయి. పద్యంలో 'షా-కె-స్వార్' అనాలి, అప్పుడు సరిగ్గా 12. పాటగా కడితే చివరి 'రె'కి కూడా తరచూ ఒక స్వరం ఇస్తారు, మొత్తం 13.

చదివే కవితకైతే 12ని 12గా లాక్కురాకండి. ఇంగ్లీషు చెవికి అలవాటైన పాదం అయాంబిక్ పెంటామీటర్: 10 అక్షరాలు, అయిదు ఊనికలు, అంటే నొక్కి పలికే చోట్లు. ఈ కొలతలో మొదట తట్టేది 'ఐ వెయిట్ ఈచ్ ఈవ్‌నింగ్ బై ద రివర్‌సైడ్'. నడక బాగుంది, కానీ 'నీ కోసం' జారిపోయింది. ప్రేమకవితలో పోకూడనిది అదే. 'ఈచ్ డస్క్ ఐ వెయిట్ ఫర్ యూ బిసైడ్ ద స్ట్రీమ్' అంటే 'యూ' మీద ఊనిక పడుతుంది. ఏరు కాస్తా వాగంత చిన్నదైంది, దాన్ని భరించవచ్చు.

పాటకి 13 కావాలి: 'ఈచ్ డస్క్ ఐ వెయిట్ ఫర్ యూ, డౌన్ దేర్ బిసైడ్ ద రివర్'. ఆరో అక్షరం 'యూ' దగ్గర గాయకుడు ఊపిరి తీసుకుంటాడు. 'రివర్'లో ఊనిక లేని రెండో అక్షరం ఆ చివరి 'రె' స్వరం మీద సరిగ్గా కూర్చుంటుంది. 'ఐ వెయిట్ ఫర్ యూ ఈచ్ ఈవ్‌నింగ్' అని మొదలుపెడితే విరామం 'ఈవ్‌నింగ్' మధ్యలో పడి మాట రెండు ముక్కలవుతుంది. ఫ్రెంచిలో ఊనిక పదబంధం చివర పడుతుంది, ఇంగ్లీషులో ప్రతి మాటకీ దాని చోటు దానికుంటుంది. అందుకే బాణీలో తాళం బలంగా పడే స్వరాల్ని ముందే గుర్తుపెట్టుకుని అక్కడ ఊనిక ఉన్న అక్షరాన్నే పెట్టాలి. పైస్థాయిలో సాగదీసే స్వరం మీద 'ఆ', 'ఓ' లాంటి విశాలమైన అచ్చులుండాలి. 'ఈ' మీద గొంతు బిగుసుకుంటుంది. 'ఈచ్ డస్క్' దగ్గర వేగంలో నాలుక తడబడితే 'ఈచ్ నైట్' అనండి. సాయంత్రం రాత్రి అయినా పాట నిలబడుతుంది.

'తు', 'వూ' తేడా తెలుగువాళ్లకి చెప్పనక్కర్లేదు, మన నువ్వు, మీరు లాంటివే. ఇంగ్లీషులో రెండూ 'యూ'. పాత ప్రేమకవితల్లో 'వూ' అనడం మామూలు, కాబట్టి అది కనపడగానే దూరమనుకోకండి. కవి మధ్యలో 'వూ' నుంచి 'తు'కి మారాడంటే మాత్రం అక్కడ ఏదో జరిగింది. ఆ మార్పుని వేరే చోట చూపించాలి: అంతవరకూ పొడి మర్యాదగా నడిచిన వాక్యాల్ని పొట్టివి చేసి, 'డు నాట్' బదులు 'డోంట్' అని, ఓ ముద్దుపేరు చేర్చి. 'నువ్వు'కి పాత ఇంగ్లీషు మాట 'దౌ' వాడితే పాతకాలపు వాసన వస్తుంది, నాకది నచ్చదు.

తొందరలో మోసపోయే మాటలు కొన్ని. 'జె తేమ్' ప్రేమ. దానికి 'బియాఁ' చేరిస్తే బలం పెరగదు, తగ్గి 'ఇష్టం' దగ్గర ఆగుతుంది. ఫ్రాన్సులోని లియోన్ కవయిత్రి లూయీజ్ లాబే 1555లో అచ్చేసిన సానెట్లలో (పద్నాలుగు పాదాల కవితల్లో) 'బేజే' అంటే ముద్దుపెట్టుకోవడం. ఇవాళ ఆ క్రియ బూతు. ఆమె కాలంలో 'ఆంబ్రాసే' అంటే కౌగిలించుకోవడం, ఇప్పుడు ముద్దుపెట్టుకోవడం. 'తు మె మాంక్'లో కర్త 'నువ్వు', నాకు కొరవడుతున్నది నువ్వు అని. 'ఐ మిస్ యూ' అనేస్తే కర్త 'నేను' అయిపోతాడు. ఆ వాక్యం కవితకి గుండెకాయ అయితే మరో దారి వెతకాలి. 'సోఁ కర్' అతని హృదయమో ఆమె హృదయమో ఆ మాటే చెప్పదు. పైన, కింద పాదాలు చూసి 'హిజ్', 'హర్' తేల్చుకోండి.

ప్రాసని ఆఖరున చూడండి. ప్రేమ అనే ఫ్రెంచి మాట 'అమూర్'కి జూర్, తూజూర్, రెతూర్, వెలూర్ అని వరసగా దొరుకుతాయి. ఇంగ్లీషు 'లవ్'కి అబవ్, డవ్, గ్లవ్, షవ్ తప్ప దాదాపు ఏమీ లేవు. అందుకే 'లవ్'ని పాదం చివర పెట్టకండి. మధ్యలోకి జరిపితే సగం కష్టం తీరిపోతుంది.

బాణీ బలవంతం ఎంత దూరం తీసుకెళ్తుందో బెల్జియం గాయకుడు జాక్ బ్రెల్ 1959 పాట చూపిస్తుంది. 'నె మె కిత్తె పా' అంటే నన్ను వదిలి వెళ్లకు. పాడేటప్పుడు అయిదు స్వరాలు. 'డోంట్ లీవ్ మీ' మూడే. అమెరికన్ కవి రాడ్ మెక్యూన్ రాసిన ఇంగ్లీషులో అది 'ఇఫ్ యూ గో అవే' అయింది, సరిగ్గా అయిదు. లెక్క కుదిరింది గానీ బతిమాలడం కాస్తా 'నువ్వు వెళ్లిపోతే' అనే ఊహగా మారింది. ఇలా మార్చవచ్చు, కానీ తెలిసి మార్చాలి.

ప్రచురించే ముందు హక్కులు చూసుకోండి. ఫ్రాన్సులో సాధారణంగా రచయిత పోయాక 70 ఏళ్లు హక్కులుంటాయి, అనువాదానికీ అనుమతి కావాలి. లాబేకి అక్కర్లేదు. 1978లో పోయిన బ్రెల్ పాటలకి కావాలి.

చివరగా మీ పాఠాన్ని ఫ్రెంచి రాని ఒకరికిచ్చి, ముందుగా ఏమీ చెప్పకుండా పైకి చదవమనండి. పాటైతే బాణీ మీద పాడమనండి. వాళ్లు ఆగిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టి, ఆ చోట్లు మాత్రం మళ్లీ రాయండి.