పాత ఉత్తరాలు, శుభలేఖలు, టికెట్లు దాచుకుంటున్నారా? సమస్యలు - పరిష్కారాలు

పాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఇత్తడి బిందెలు పంచుకుంటారు, ఫొటోలు పంచుకుంటారు. ఉత్తరాలు, శుభలేఖలు, సినిమా పాటల పుస్తకాలు మాత్రం చిత్తు కాగితాలవాడి తక్కెడలోకి పోతాయి. వాటిని ఆపి ఇంటికి తెచ్చుకున్నవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బందులు ఇవి.

సమస్య: ఉత్తరాలు తీగకు పట్టేశాయి, లాగితే చిరుగుతున్నాయి

కారణం తుప్పు. ఒకప్పుడు చాలా ఇళ్లలో గోడకు ఒక ఇనుప తీగ వేలాడేది. అడుగున చెక్క బిళ్ల, పైన కొక్కెం. వచ్చిన ఉత్తరం చదవగానే దానికి గుచ్చేసేవారు. ఏళ్ల తరబడి వానాకాలపు చెమ్మ తగిలి చిల్లు చుట్టూ కాగితం గోధుమరంగుకు తిరిగి పెళుసైపోతుంది. మా అమ్మమ్మగారింటి తీగ దొరికినప్పుడు నేను తొందరపడి పైకి లాగాను. నాలుగు ఇన్‌లాండ్ లెటర్లు చిల్లు దగ్గర్నుంచి అంచుదాకా చీలాయి. ఒకదాంట్లో "చిన్నదానికి జ్వరం తగ్గి" అన్న తర్వాతి మాట ఆ చీలికలో పోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

మీరు అలా లాగకండి. దొంతరకు సరిగ్గా పైన కటింగ్ ప్లేయర్‌తో తీగను తెంపండి. కొన గరుకుగా ఉంటే ఆకురాయితో నున్నగా అరగదీయండి. నాలుగైదు ఉత్తరాలు తీశాక మళ్లీ కొంచెం తెంపండి. తుప్పు మీదుగా కాగితం జరగాల్సిన దూరం తగ్గుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. తీగలో అడుగున ఉన్నదే అన్నిటికన్నా ముందు వచ్చింది. తీసేటప్పుడే ఒక మూల పెన్సిల్‌తో వరస అంకె వేయండి. తేదీ లేని కార్డు ఏ రెండింటి మధ్య వచ్చిందో ఆ వరసే చెబుతుంది.

సమస్య: ఏ కాలానిదో తెలియడం లేదు

తపాలా ముద్ర అలుక్కుపోయినా వేరే ఆనవాళ్లుంటాయి. ధర అణాల్లో ఉంటే దాదాపుగా 1957కు ముందుది. ఆ ఏడాది ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. "నయా పైసలు" అని ఉంటే 1957-64 మధ్యది. చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. శుభలేఖకైతే తెలుగు సంవత్సరం పేరు చాలు. శుభకృత్ అంటే 1962-63 లేదా 2022-23. అరవై ఏళ్ల తేడా కాబట్టి కాగితం పట్టుకుంటేనే ఏదో తెలిసిపోతుంది.

సమస్య: బస్ టికెట్ తెల్లకాగితం అయిపోయింది

కండక్టర్ మెషీన్ టికెట్‌లో సిరా ఉండదు, వేడికి నల్లబడే పూత ఉంటుంది. ఎండకి, వేడికి, మెత్తటి ప్లాస్టిక్ కవర్లకి ఆ అక్షరాలు వెలిసిపోతాయి. తెచ్చిన రోజే స్కాన్ చేసి, కాగితం కవర్లో పెట్టి చీకట్లో ఉంచండి. పూర్తిగా పోయాక చేయగలిగింది చాలా తక్కువ. కండక్టర్ పంచ్ కొట్టి ఇచ్చిన పాత రంగు టికెట్లకు ఈ బెడద లేదు.

సమస్య: పురుగు పట్టింది

మైదా జిగురు, చెమ్మ, ముఖ్యంగా ఈ రెండూ వాటిని పిలుస్తాయి. పెట్టెను గోడకు ఆనించకండి, నేలమీద పెట్టకండి. సిలికా జెల్ పొట్లాలు వేయండి. కలరా ఉండలు కాగితానికి తగలనివ్వకండి.

సమస్య: శుభలేఖ మూలల్లో పసుపు మరకలు

అవి మరకలు కావు. పంపేముందు ఇంటివాళ్లు వేలితో అద్దిన పసుపు అది. తుడవకండి, లామినేషన్ చేయించకండి. వెలుతురుకి పసుపు త్వరగా వెలిసిపోతుంది కాబట్టి ఫ్రేమ్ కట్టి గోడకు పెట్టవద్దు.

సమస్య: కట్టలో చావు కబురు కార్డు ఒక్కటీ లేదు

పోగొట్టుకున్నామేమోనని టెన్షన్ పడకండి. అశుభలేఖను చదవగానే గుమ్మం బయటే చింపేసేవారు, ఇంట్లో ఉంచేవారు కాదు. దీనికి పరిష్కారం లేదు. ఆ తర్వాతి వారాల్లో వచ్చిన పరామర్శ ఉత్తరాలు తీగమీద ఉంటాయి, వాటిని జాగ్రత్తగా చదవండి.