అప్లై చేసే ముందు మీ పేరు చూసుకోండి

ఉద్యోగాలకు అప్లై చేసేవాళ్లు ముందు ఒక్క పని చేయండి. పదో తరగతి మెమో, డిగ్రీ సర్టిఫికెట్, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ పక్కపక్కన పెట్టుకుని పేరు అక్షరం అక్షరం పోల్చి చూడండి. మాది అనంతపురం. మా తమ్ముడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. తీరా సర్టిఫికెట్లు చూసేటప్పుడు తేడా బయటపడింది: మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంది, ఆధార్‌లో ఇనీషియల్ మాత్రమే, అదీ చివర్లో. చేరే తేదీ మూడు వారాలు వెనక్కి పోయింది. పాపం, ఆ టెన్షన్‌తో వాడికి కంటి మీద కునుకు లేదు.

మనం ఇంటిపేరు ముందు రాస్తాం కాబట్టి ఈ తిప్పలు మనకు ఎక్కువే. మెమోలో ఉన్నట్టే మిగతావన్నీ మార్పించుకోండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకే ఆపరేటర్ టైప్ చేశాక స్క్రీన్ మీద మీరే చదవండి, రసీదు చేతికొచ్చేదాకా ఆగొద్దు. ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబరు ఇప్పుడు వాడుతున్నదేనా అని కూడా అక్కడే అడగండి. ఓటీపీ ఎప్పుడో పారేసిన సిమ్‌కు పోతే పీఎఫ్ పని కూడా ఆగిపోతుంది.