పంచాయతీ లేని పల్లెకు చరిత్ర రాయాలంటే

మీది శివారు పల్లెనో, గూడెమో అయితే జనాభా లెక్కల్లో పేరు దొరకలేదని టెన్షన్ పడకండి, అక్కడ మామూలుగా ఉండేది రెవెన్యూ గ్రామం పేరే. ముందు ఆ గ్రామం నక్షా (పటం) సంపాదించి మీ ఇండ్లు ఏ సర్వే నంబర్లలో ఉన్నాయో, చెరువు కట్ట, మత్తడి (అలుగు) ఎటున్నాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. తర్వాత 1954-55 ఖాస్రా పహాణీ (తెలంగాణలో అప్పటి భూమి, సాగు వివరాల రిజిస్టర్) చూడండి, అప్పటి పట్టాదారు ఎవరో, సాగు ఎవరిదో తెలుస్తుంది. అంతకుముందటి సేత్వార్ (నిజాం కాలపు సర్వే నంబర్ల రిజిస్టర్) ఉర్దూలో ఉంటుంది, చదివేవాళ్లను వెంట తీసుకెళ్లండి (నేను ఒక్కణ్నే పోయి బొమ్మలు చూసినట్టు చూసి వచ్చిన).

అసలు సరుకు ముసలివాళ్ల దగ్గరుంటుంది. ఊరి చరిత్ర చెప్పమంటే నోరు విప్పరు. మత్తడి దుంకిన ఏడు ఎవరి పొలం మునిగింది, బొడ్రాయి ఎక్కడ పాతారు, పాత బండ్ల బాట ఎటు పోయేది అని అడగండి, ఇక ఆపరు.