పాత డిస్కు తీసే ముందు సీరియల్ నంబరు చూసుకోండి

ఇంట్లోని ఫైల్ సర్వర్‌కు హార్డ్‌డిస్కులు మార్చాలనుకుంటే, ముందు ప్రతి డిస్కు సీరియల్ నంబరులోని చివరి 4 అక్షరాలను కాగితం ముక్క మీద రాసి, పెట్టె తెరవగానే కనిపించేలా ఆ డిస్కు అంచుకే అంటించండి. లినక్స్‌లో డిస్కులకు వచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ వంటి పేర్లు రీబూట్ చేస్తే మారిపోవచ్చు. వాటిని నమ్మి చేయి పెడితే, పాడైనదానికి బదులు బాగున్న డిస్కు బయటికి వస్తుంది. నాకు ఒకసారి అలాగే జరిగింది. పదేళ్ల కుటుంబ ఫొటోలు అందులోనే ఉన్నాయి, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఖాళీ సాటా పోర్టు (డిస్కు కేబుల్ తగిలించే చోటు) ఉంటే పాతది తీయకుండానే కొత్తది తగిలించండి. జెడ్‌ఎఫ్‌ఎస్ (పలు డిస్కులను కలిపి నడిపే ఫైల్ సిస్టమ్) వాడేవారు ఆ తర్వాత ‘జెడ్‌పూల్ రీప్లేస్’ ఆదేశం ఇస్తే చాలు, డేటా చేరేదాకా పాత డిస్కు కూడా ఆసరాగా ఉంటుంది. ఒకటి పూర్తయ్యాకే రెండోది. రెయిడ్‌జెడ్‌లో (ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా డిస్కులన్నిటికీ పంచే జెడ్‌ఎఫ్‌ఎస్ పద్ధతి) అన్నీ పెద్దవాటితో మార్చాకే పెరిగిన స్థలం అందుతుంది, స్థలాన్ని తనంతట తానే పెంచే ‘ఆటోఎక్స్‌పాండ్’ సెట్టింగు కూడా ఆన్‌లో ఉండాలి.

కొనేటప్పుడు సీఎంఆర్ (డేటా రాసే వలయాలు, అంటే ట్రాకులు, ఒకదానిపై ఒకటి పడని) రకమే అడగండి. ఎస్ఎంఆర్ డిస్కుల్లో ట్రాకులు పైకప్పు పెంకుల్లా ఒకదాని అంచుపై ఒకటి ఉంటాయి, అందుకే రీబిల్డ్ (కొత్త డిస్కులో డేటాను మళ్లీ నింపే) సమయంలో బాగా నెమ్మదిస్తాయి.

రెయిడ్ (ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా పలు డిస్కులను కలిపే ఏర్పాటు) ఉన్నా సరే, స్క్రూడ్రైవర్ పట్టే ముందు వేరే డిస్కులో బ్యాకప్ తీసుకోండి.