ఐసిస్ ఎదుగుదలపై నేపథ్య కథనం రాసేటప్పుడు

చాలామంది 2014 జూన్ 10న ఇరాక్ నగరం మోసుల్ ఐసిస్ చేతికి చిక్కడంతో ఎత్తుకుంటారు. ఇంట్రోకు అది బాగానే ఉంటుంది. అక్కడే ఆగితే మాత్రం ఆ ముఠా ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు కనిపిస్తుంది. రెండో పేరాలోనే 2003 మే నెలకు వెళ్లండి. ఇరాక్‌లో అమెరికా పాలనాధికారి పాల్ బ్రెమర్ మొదట సద్దాం హుస్సేన్ బాత్ పార్టీవాళ్లను ఉద్యోగాల్లోంచి తీసేశారు, వారం తిరిగేసరికి సైన్యాన్ని రద్దు చేశారు. లక్షల మంది జీతాలు పోయాయి. వాళ్లలో కొందరు తర్వాత ముఠాలో చేరారు. అలాగని వాళ్లంతా చేరారని రాయకండి, అది తప్పు.

రాయకముందే కాగితం మీద నాలుగు గడులు గీయండి: తేదీ, అప్పటి పేరు, నాయకుడు, ఘటన. పేర్ల దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. ముఠా స్థాపకుడు జర్ఖావీ 2004 అక్టోబర్‌లో బిన్ లాడెన్‌కు విధేయత ప్రకటించాక అది ఇరాక్ అల్‌ఖైదా. 2006 జూన్‌లో అతను చనిపోయాడు, అక్టోబర్‌లో పేరు 'ఇస్లామిక్ స్టేట్ ఆఫ్ ఇరాక్' అయింది. సిరియా పేరు చేరింది 2013 ఏప్రిల్‌లో. 2014 ఫిబ్రవరిలో అల్‌ఖైదా తెగదెంపులు చేసుకుంది. ఆ తర్వాతి ఘటనలకు 'అల్‌ఖైదా అనుబంధ' అని రాస్తే తప్పే. నాయకుల్లో బాగ్దాదీలు కూడా ఇద్దరు: 2010 ఏప్రిల్‌లో చనిపోయింది అబూ ఒమర్, ఆ మరుసటి నెల పగ్గాలు పట్టింది అబూ బకర్.

ఎదుగుదలను నిటారు గీతలా చూపించొద్దు. 2007-08లో సున్నీ తెగలు అమెరికాతో కలిసి తిరగబడటంతో ముఠా దాదాపు చితికిపోయింది. 2011లో మొదలైన సిరియా యుద్ధం మళ్లీ ఊపిరి పోసింది. ఈ పల్లం వదిలేస్తే పాఠకుడికి కారణం అందదు.

చావు వార్తలకు 'ఎవరు చెప్పారు' అన్నది శీర్షికలోనే ఉండాలి. అబూ బకర్‌ను చంపి ఉండొచ్చని 2017 జూన్‌లో రష్యా చెప్పింది. 2019 ఏప్రిల్‌లో అతను వీడియోలో కనిపించాడు. చివరికి చనిపోయింది అదే ఏడాది అక్టోబర్‌లో, సిరియాలోని ఇద్లిబ్ ప్రాంతంలో. ఏదైనా దాడి 'మా పనే' అని ముఠా ప్రకటించుకున్నా 'ప్రకటించుకుంది' అనే రాయాలి.

మ్యాప్ వేస్తే కింద తేదీ తప్పనిసరి. 2014 మ్యాప్ 2016కి పనికిరాదు. వాళ్ల ప్రచార వీడియోల్లోంచి ఫొటో తీసుకోవద్దు. జెండా ఊపే బొమ్మ పేజీకి ఎక్కితే వాళ్ల పని మనం చేసినట్టే.

తెలుగు పాఠకులకు సైడ్ స్టోరీ కావాలంటే అప్పట్లో ఐసిస్ పట్టులో ఉన్న లిబియా నగరం సిర్తే ఉంది. 2015 జులైలో అక్కడ అపహరణకు గురైన భారతీయ అధ్యాపకుల్లో ఇద్దరు తెలుగువాళ్లు. వాళ్లు బయటపడింది 2016 సెప్టెంబర్‌లో. కుటుంబాలకు ఫోన్ చేసేముందు పాత క్లిప్పింగులు చదవండి, అడిగిందే మళ్లీ అడగొద్దు.